అప్‌డేట్: తొమ్మిదో తరగతి బాబు, డిస్లెక్సియా, టీసీ తీసుకోమన్న స్కూలు

వేసవిలో ఇక్కడ అడిగాను. మాది అమలాపురం దగ్గర పల్లె. బాబు చదవడంలో, రాయడంలో వెనకబడుతున్నాడని, స్పెషల్ స్కూల్లో వేసుకోమని ప్రైవేటు స్కూలు వాళ్లు టీసీ ఇస్తామన్నారు. విషయం తేలింది. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది రాతపూర్వక దరఖాస్తు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 16 ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూలు వివక్ష చూపకూడదు. సెక్షన్ 17 ప్రకారం పరీక్షలో అదనపు సమయం, స్క్రైబ్ (పిల్లాడు చెబితే రాసిపెట్టే మనిషి), రెండో, మూడో భాషల మినహాయింపు అడగొచ్చు. ఇవి రాసి, "కుదరదంటే అదే కాగితం మీద రాసివ్వండి" అన్నాను. అంతవరకు గట్టిగా మాట్లాడినవాళ్లు ఒక్కసారిగా మెత్తబడ్డారు! భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) టీచరమ్మ దరఖాస్తు దిద్దిపెట్టారు, ఆవిడకు రుణపడి ఉంటాను.

మెడికల్ బోర్డు పరీక్షించి, నిర్దిష్ట అభ్యసన వైకల్యమే (డిస్లెక్సియా ఇందులోకే వస్తుంది) అని సర్టిఫికెట్ ఇచ్చింది. సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం దాటలేదేమోనని టెన్షన్ పడేవాళ్లు 2021లో సుప్రీంకోర్టు ఇచ్చిన వికాస్ కుమార్ తీర్పు చూడండి. అంతకన్నా తక్కువున్నా, రాయడంలో ఇబ్బంది ఉంటే స్క్రైబ్ నిరాకరించకూడదంది.

అక్కర్లేనివి: కళ్ల పరీక్ష (చూపు బాగానే ఉంది), లాయరు నోటీసు. విద్యాహక్కు చట్టం కూడా మాకు పనికిరాలేదు, అది 6 నుంచి 14 ఏళ్ల వరకే, మావాడికి పదిహేను.

ఇప్పుడు అదే స్కూల్లో అదనపు సమయంతో రాస్తున్నాడు. స్క్రైబ్ వద్దన్నాడు. పదో తరగతి రాయితీల దరఖాస్తు హెడ్‌మాస్టర్ ద్వారా వెళ్లాలి కాబట్టి సర్టిఫికెట్ ముందే చేయించుకోండి.