ఉగాది పద్యనాటకం: గురువారం లోపు విమానం టికెట్ల సంగతి తేల్చాలి
(అమెరికాలోని మన తెలుగు సంఘం ఉగాది కమిటీ సందేశాలు. పేర్ల బదులు ఎవరు చూసే పని వాళ్ళ ముందు రాశాం.)

ప్రయాణాలు (విజయవాడ), సోమవారం రాత్రి 9.10
అందరికీ నమస్కారం. ట్రావెల్స్ ఆయన మన తొమ్మిది సీట్లూ గురువారం సాయంత్రం ఆరింటి దాకే ఆపుతానన్నాడు. హైదరాబాద్ నుంచి రానూపోనూ మనిషికి 1,300 డాలర్లు, మొత్తం 11,700. శుక్రవారం నుంచి ఈ రేటు ఉండదు. డబ్బు ఎప్పుడు పంపుతారో ఈ రాత్రికి చెప్పండి.
ఇంకా తేలనివి: డ్రస్ కంపెనీకి అడ్వాన్సు, హార్మోనియానికి గట్టి పెట్టె, భోజనం కూపన్లు అచ్చు, పార్కింగు దగ్గర నలుగురు మనుషులు, పిల్లల ప్రార్థన గీతానికి రిహార్సల్ గది, జ్ఞాపికలు. పేర్లు ఇస్తే రేపటికి పట్టిక వేస్తాను.

కోశాధికారి, సోమవారం రాత్రి 11.35
పట్టిక సంగతి తర్వాత చూద్దాం. స్పాన్సర్ పొద్దున ఫోన్ చేశారు. ఇస్తానన్న 12,000 పద్యనాటకానికి ఇవ్వరట. సినిమా పాటల విభావరి పెట్టి, హైదరాబాద్ నుంచి పేరున్న గాయకుణ్ణి పిలిస్తే మొత్తం ఇస్తారు, లేకపోతే లేదు.
బ్యాంకులో 7,400 ఉంది. హాలు రెండో వాయిదా 3,100 శుక్రవారం కట్టాలి, ఇన్సూరెన్స్ సర్టిఫికెట్‌కి 350. మిగిలేది 3,950. విమానాలు 11,700, పారితోషికం మనిషికి 400 చొప్పున 3,600. అంటే 11,350 లోటు. ఎంట్రీ టికెట్ల డబ్బు భోజనాలకే సరిపోతుంది, దాని మీద చెయ్యి వెయ్యలేం.

బ్యాండు, మంగళవారం ఉదయం 6.20
స్పాన్సర్ మాటలో తప్పేముందన్నా? 600 సీట్ల హాలు అది. పోయినేడు ఫొటోలు చూడండి, చివరి గంటలో ముందు రెండు వరసలే నిండి ఉన్నాయి. పాతిక డాలర్లు పెట్టి, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చేవాళ్ళకి నచ్చింది ఇవ్వాలి కదా. మూడు గంటలు పద్యాలు వినమంటే ఎనిమిదింటికల్లా కార్లు కదుల్తాయి. జనం కోరింది పెట్టడం చిన్నతనమేమీ కాదు.

వేదిక, మంగళవారం ఉదయం 7.05
తమ్ముడూ, సినిమా పాట కోసం ఎవరూ నలభై మైళ్ళు కారు నడపక్కర్లేదు. అది వాళ్ళ కార్లోనే మోగుతుంది. ఇంట్లో దొరకనిదీ, ఈ దేశంలో డబ్బు పెట్టినా దొరకనిదీ తేవడానికే సంఘం ఉన్నది. జనం అడిగిందే పెట్టేదయితే హాలు మాట్లాడి స్పీకర్లు అద్దెకిచ్చే కంపెనీ చాలు. స్పాన్సర్ చెప్పాడని నాటకం తీసేస్తే నేను వేదిక చూడను.

బ్యాండు, మంగళవారం ఉదయం 7.20
అలా అయితే మేమెందుకక్కా? ప్రతి ఏడూ డబ్బు అడక్కుండా వాయించేది మేము, చివర్లో భోజనాల చప్పుడు మధ్య. హాలు నిండేది మా స్నేహితులతో. కళ మాత్రం మీది. ఈసారి మా పేరు తీసెయ్యండి.

ప్రయాణాలు (విజయవాడ), మంగళవారం ఉదయం 9.00
ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. హైదరాబాద్ గాయకుడు ఇప్పుడు కుదరడు. ఇష్టం అయిష్టం సంగతి కాదిది, తేదీల సంగతి. మన కళాకారులు వస్తున్నది పి-3 వీసా మీద, అంటే ఒక సంస్కృతికి ప్రత్యేకమైన కళ ప్రదర్శించేవాళ్ళకి అమెరికా ఇచ్చే వీసా. సంఘం ఐ-129 పిటిషన్ వెయ్యాలి, ఒప్పందం కాపీ, కార్మిక సంఘం అభిప్రాయ లేఖ, ఆ కళ మన సంస్కృతికి ప్రత్యేకమైనదని చూపించే కాగితాలు జతచెయ్యాలి. అది మంజూరయ్యాకే హైదరాబాద్ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. అదనపు రుసుము కట్టి తొందరపెట్టినా పిటిషన్‌కే 15 పనిదినాలు. సినిమా పాటల విభావరికి ఆ ‘ప్రత్యేకమైన కళ’ అన్న కాగితాలు ఎక్కణ్ణుంచి తెస్తాం? విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళకి డబ్బిచ్చి పాడించడం చట్టవిరుద్ధం, ఆ దారి ఎవరూ సూచించొద్దు. పిటిషన్‌లో పేర్లున్న తొమ్మిదిమందికీ వీసాలు పడ్డాయి. ఆ తొమ్మిదిమందిలో ఎంతమందిని తేగలం అన్నదొక్కటే మన చేతిలో ఉంది.

మాస్టారు (గుంటూరు), మంగళవారం మధ్యాహ్నం 12.40
అబ్బాయి అన్నదీ నిజమే, అమ్మాయి అన్నదీ నిజమే. కాకపోతే ఇద్దరూ జనం అభిరుచి ఒకచోట గడ్డకట్టి ఉంటుందనుకుని మాట్లాడుతున్నారు.
1952లో కేంద్రమంత్రి కేస్కర్ గారు ఆకాశవాణిలో సినిమా పాటలు ఆపించారు. శాస్త్రీయ సంగీతం వినిపిస్తే జనం మెల్లగా దారికొస్తారనుకున్నారు. జనం శ్రీలంక నుంచి ఆ పాటలు వేసే రేడియో సిలోన్‌కి పోయారు. 1957లో వివిధ భారతి పెట్టి ఆ పాటల్ని మళ్ళీ తెచ్చుకోవాల్సి వచ్చింది. జనానికి ఉన్నది తీసేసి దారి చూపిస్తామంటే జరిగేది అదే. మన విజయవాడ కేంద్రం చేసిన పని వేరు. బాలాంత్రపు రజనీకాంతరావు గారి లాంటి వాళ్ళు భక్తిరంజని పెట్టారు, లలిత గీతాలు కట్టించారు. సంప్రదాయ సాహిత్యమే, కానీ నాలుగైదు నిమిషాల్లో, నోటికి పట్టే వరసలో. అడిగినవాళ్ళు లేరు, విన్నాక వదిలినవాళ్ళూ లేరు.
నాటకం సంగతే తీసుకోండి. కాటి సీనులో పాడే జాషువా గారి పద్యాలు అసలు హరిశ్చంద్ర నాటకంలోవి కావు. వాటిని నటులు ‘శ్మశానవాటి’ ఖండిక నుంచి తెచ్చి పెట్టుకున్నారు. జనం వన్స్‌మోర్ కొట్టారు, ఉండిపోయాయి. ముందు నడిచింది నటుడు, నిలబెట్టింది జనం. ప్రజా నాట్యమండలిలో పొన్నెకల్లు నాజర్ గారూ అంతే. పల్లెలో అప్పటికే వింటున్న బుర్రకథనే పట్టుకుని, అందులో అప్పటి బతుకుల కథ చెప్పారు. రూపం జనానిది, విషయం మండలిది.
కనుక మూడు గంటల నాటకం పట్టుబట్టొద్దు. నాటకమే వద్దనీ అనొద్దు. పడక సీను ఒక్కటే వేద్దాం, అదే, యుద్ధానికి సాయమడగడానికి దుర్యోధనుడూ అర్జునుడూ పడుకున్న కృష్ణుడి దగ్గరికి వచ్చే సీను. కృష్ణుడు, దుర్యోధనుడు, అర్జునుడు, హార్మోనిస్టు. నలుగురు. నలభై నిమిషాలు.

కోశాధికారి, మంగళవారం రాత్రి 8.15
నలుగురికి విమానాలు 5,200, పారితోషికం 1,600, మొత్తం 6,800. ఉన్నది 3,950. లోటు 2,850. ఇది అందుకునే దూరంలోనే ఉంది. ఆగిపోయే అయిదుగురికి ముందే ఇచ్చిన అడ్వాన్సు వెనక్కి అడగకూడదు, ఆ తేదీకి వాళ్ళు వేరే నాటకాలు ఒప్పుకోకుండా ఉన్నారు. లాయరు గారికి నేను మెయిల్ పెడతాను: కార్యక్రమం అదే, తేదీ అదే, మనుషులు తగ్గారంతే.

వేదిక, మంగళవారం రాత్రి 9.30
మాస్టారూ, నలభై నిమిషాల్లో అవుతుందా? ఒక్కో పద్యానికి రాగం తీస్తూ పోతే ఆ సీనే గంటన్నర నడిచిన సందర్భాలున్నాయి. ఇక్కడ పదింటికి ఒక్క నిమిషం దాటినా హాలు ఇచ్చిన స్కూలు వాళ్ళు కస్టోడియన్‌కి, అంటే హాలు చూసుకునే మనిషికి, ఓవర్‌టైమ్ వసూలు చేస్తారు.

మాస్టారు (గుంటూరు), బుధవారం ఉదయం 6.00
అవుతుందమ్మా, కానీ ముందే మాట తీసుకోవాలి. రాగం తీసి పాడితే పద్యానికి నాలుగు నిమిషాలు, తీయకపోతే ఒకటిన్నర. మన కాంట్రాక్టు నాటకాల్లో ఒకే కృష్ణుడి వేషం ఇద్దరు ముగ్గురు పంచుకుంటారు, ఎవరి పద్యం దగ్గర వాళ్ళు పోటీపడి సాగదీస్తారు. ఇక్కడ ఒక్కడే కృష్ణుడు కాబట్టి ఆ బెడద లేదు. ‘బావా ఎప్పుడు వచ్చితీవు’ దగ్గర పూర్తిగా వదిలేద్దాం, జనం దానికోసమే వస్తారు. మిగతావాటికి ఎత్తుగడ (పద్యం మొదలు) ముందు అరనిమిషం ఆలాపన, పద్యం, అక్కడితో సరి. వన్స్‌మోర్ ఒక్కటే ఇస్తామని నటులకి చెప్పాను, ఒప్పుకున్నారు.
శ్రుతి నాలుగు, అంటే ఎఫ్. తబలా అక్కడే చూసుకోవాలి. పద్యానికి తాళం లేదు గదా, తబలా ఎందుకనుకోవద్దు. పాత్ర ప్రవేశానికీ, పద్యం చివర ముక్తాయింపుకీ అది లేకపోతే సీను చప్పబడుతుంది. మీ ఊరి వాళ్ళ దగ్గర ఎక్కువగా సి షార్ప్ కుడి (కుడిచేత్తో వాయించే తబలా) ఉంటుంది. దాన్ని ఎఫ్ దాకా బిగిస్తే మూత తోలు చిట్లుతుంది. ముఖం అయిదు అంగుళాలుండే చిన్న కుడి వెతకండి.

బ్యాండు, బుధవారం ఉదయం 6.45
మా తబలా అతని దగ్గర ఉందేమో అడుగుతాను మాస్టారూ.
ఇంకో మాట. స్పాన్సర్ వాళ్ళబ్బాయితో మాట్లాడాను. బయటినుంచి గాయకుడు రాకపోయినా, మేము గంటన్నర పాటలు పాడి, వాళ్ళ బ్యానరు కట్టనిస్తే 3,000 ఇస్తారట.

వేదిక, బుధవారం ఉదయం 7.10
తీసుకుందాం. బ్యానరు లాబీలో, బ్యాండు సమయంలో వేదిక మీద. నాటకం జరుగుతున్నప్పుడు వెనక తెర మీద ఏ ప్రకటనా వద్దు. నీ పేరు తియ్యలేదు తమ్ముడూ, ఈసారి బ్యాండు భోజనాలకి ముందే.
నడక ఇలా అనుకుంటున్నాను: 5.00 పిల్లలు, 5.45 పడక సీను, 6.30 టీ, 7.00 బ్యాండు, 8.30 భోజనాలు. భోజనం ముందు పెడితే తిన్నాక సగంమంది వెళ్ళిపోతారు. నాటకం ఆఖర్న పెడితే పిల్లలు నిద్రపోతారు, పిల్లలతో తల్లిదండ్రులూ లేస్తారు. జనం ఓపిక నిండుగా ఉన్న గంట నాటకానికివ్వాలి.

బ్యాండు, బుధవారం ఉదయం 7.25
సరే అక్కా. టీ తర్వాత మేము ఘంటసాల పద్యంతో మొదలుపెడతాం. మా వయసువాళ్ళకి పద్యం తెలిసింది సినిమాలోంచే. పడక సీను విన్న చెవితోనే అది వింటారు.

మాస్టారు (గుంటూరు), బుధవారం ఉదయం 7.50
మంచి ఆలోచన. ఘంటసాల గారిది మన గుడివాడ పక్క చౌటపల్లే. ఆయన సినిమాలో పద్యం పాడిన తీరు వేరు, రాగం కుదించి మాట స్పష్టంగా పలికారు. రెండూ ఒకే సాయంత్రం వినపడితే తేడా జనమే పట్టుకుంటారు, ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

ప్రయాణాలు (విజయవాడ), బుధవారం మధ్యాహ్నం 1.30
నాలుగు సీట్లకి చెప్పేశాను. సామాను సంగతి: కాలి హార్మోనియం విమానంలో కష్టం, చేతి హార్మోనియమే పెట్టెతో 23 కిలోల లోపు సర్దాలి. మెట్లు కదలకుండా మూత కింద మడత గుడ్డ వెయ్యమన్నాను. కిరీటాలు, భుజకీర్తులు సూట్‌కేసులో నలిగిపోతాయి, విడి అట్టపెట్టెలో పెట్టి లోపల పంచెలు కుక్కుతాం. గద ఒక్కటే అక్కడ చేయించండి.
తెనాలి నుంచి రాజసభ తెర తెద్దామనుకున్నాం గదా, తేవాలా?

వేదిక, బుధవారం రాత్రి 8.40
వద్దు. స్కూలు హాల్లో కట్టే ఏ గుడ్డకయినా నిప్పంటుకోని రసాయనం పట్టించినట్టు సర్టిఫికెట్ అడుగుతారు. రంగులద్దిన మన తెరకి అది ఉండదు. హాలు నల్లతెర ముందే ఆడదాం. హారతి, నూనె దీపం కూడా వాళ్ళు ఒప్పుకోరు, బ్యాటరీ దీపాలు పెడతాను.
పడకకి స్కూలు క్వాయర్ (బృందగానం) వాళ్ళ వేదిక దిమ్మ ఒకటి దొరికింది, నాలుగడుగులు ఎనిమిదడుగులు, పదహారంగుళాల ఎత్తు. పరుపు, ముఖమల్ దుప్పటి, రెండు బాలీసులు వేస్తే సరిపోతుంది. కృష్ణుడి తల ప్రేక్షకుల కుడివైపు, కాళ్ళు ఎడమవైపు. దుర్యోధనుడి ఆసనం తలవైపు, దిమ్మ కన్నా ఎత్తుగా ఉండాలి. కళ్ళు తెరవగానే ముందు అర్జునుడు కనపడటం హాలు వెనక వరసకీ తెలియాలి.
మైకుల మాట. ఛాతీ మీద కాలర్ మైకు పెడితే హారాలు రాసుకుని గరగరమంటుంది. కిరీటం అంచు లోపల, నుదుటి మీదికి వచ్చేలా టేపు వేద్దాం. హార్మోనియానికి విడి మైకు, నటులకి వినపడేలా ఒక మానిటర్. అది లేకపోతే పై స్థాయిలో శ్రుతి జారుతుంది.

కోశాధికారి, గురువారం ఉదయం 7.00
5,200 పంపాను, ట్రావెల్స్ వాళ్ళ రసీదు ఇక్కడ పెట్టండి. స్పాన్సర్ చెక్కు సాయంత్రానికి చేతికొస్తుంది. అన్నీ పోగా 150 మిగులుతుంది, గద, దీపాలు అందులోనే.

మాస్టారు (గుంటూరు), గురువారం ఉదయం 7.40
ఇక తెర మీద పద్యం వేసే పని. నల్ల నేపథ్యం మీద పసుపు అక్షరాలు, ఒక్కసారికి ఒక్క పద్యం, నాలుగు పాదాలూ. కింద ఒక్క వరసలో తేలిక తెలుగులో భావం, దాని కింద ఇంగ్లీషులో. నటుల తలల పైన పడాలి, వెనక పడితే కిరీటాలు అడ్డం. ఎత్తుగడ రెండుసార్లు అంటారు, మధ్యలో పాదం వెనక్కి తీసుకుంటారు. గడియారం పెట్టి నడిపితే రెండో పద్యానికే తప్పుతుంది. పక్కన కూర్చుని వింటూ నొక్కే మనిషి కావాలి. అర్థం కాక బయటికెళ్ళేవాళ్ళని కూర్చోబెట్టేది ఆ తెరే. ఎవరు చేస్తారు?

బ్యాండు, గురువారం ఉదయం 8.05
నేను నొక్కుతాను మాస్టారూ. పద్యాల పాఠం, నటులు పాడిన రికార్డింగు రెండూ పంపండి. ఎత్తుగడ ఎక్కడ మళ్ళీ అంటారో, ఆలాపన ఎక్కడ ఆపుతారో పక్కన గుర్తులు పెట్టండి. అయిదంగుళాల కుడి దొరికింది, ఎఫ్‌లో నిలబడుతోంది.

మాస్టారు (గుంటూరు), గురువారం ఉదయం 8.20
రేపు పదింటికి ఇక్కడ బ్రాడీపేటలో నటులు ముగ్గురూ కూర్చుంటున్నారు. రికార్డు చేసి మధ్యాహ్నానికి పంపిస్తాను. తబలా అతన్ని కూడా ఆ వేళకి వీడియోలోకి రమ్మను, ముక్తాయింపులు చూపిస్తాను.