అమెరికా నుంచి కెనడాకి మారుతున్నాం: బ్యాంకు అకౌంట్లు, 401కె, డబ్బు సంగతి ఎలా చూసుకున్నారు?

నోవై_ఉష
అందరికీ నమస్కారం. తొమ్మిదేళ్ళుగా మిషిగన్‌లో ఉంటున్నాం. మా వారి ఉద్యోగం పోయింది. హెచ్1బి వీసాలో ఉద్యోగం పోయాక ఇక్కడ ఉండనిచ్చే గ్రేస్ పీరియడ్ 60 రోజుల్లో 22 అయిపోయాయి. ఎందుకైనా మంచిదని కెనడా పి.ఆర్. (శాశ్వత నివాసం) తీసుకుని నిరుడు సాఫ్ట్ లాండింగ్ (ఒకసారి వెళ్ళి పి.ఆర్. పూర్తి చేసుకుని తిరిగి రావడం) చేసి వచ్చాం, ఇప్పుడు అదే ఆదుకుంటోంది. టొరంటోలో ఆఫర్ వచ్చింది, మిస్సిస్సాగాలో ఇల్లు చూస్తున్నాం. ఇక్కడ చెకింగ్, సేవింగ్స్, ఆయన 401కె (ఉద్యోగం ద్వారా దాచుకునే రిటైర్మెంట్ ఖాతా), నా రాత్ ఐఆర్‌ఏ (సొంతంగా వేసుకునే రిటైర్మెంట్ ఖాతా), కొన్ని షేర్లు, హెచ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చుల పొదుపు ఖాతా)లో కొంత ఉన్నాయి. అన్నీ మూసేసి డబ్బు పట్టుకుపోదాం అంటారు ఆయన. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఇలా మారినవాళ్ళు మీ అనుభవం చెప్పండి.

మిస్సిస్సాగా_ప్రసాద్
ఉష గారూ, చెకింగ్ అకౌంట్ మాత్రం ఇప్పుడే మూసెయ్యకండి. నేను ఆ పని చేసి నాలుగు నెలలు ఇబ్బంది పడ్డాను. బయల్దేరే వారంలో అకౌంట్ క్లోజ్ చేశాను. తర్వాత అపార్ట్‌మెంట్ డిపాజిట్ 1,150 డాలర్లు పేపర్ చెక్‌గా వచ్చింది. దాని వెనకే కరెంటు కంపెనీ రిఫండు, ఆ తర్వాత టాక్స్ రిఫండు, అన్నీ చెక్కులే. ఇక్కడి బ్రాంచ్‌లో వేస్తే నెల పైన హోల్డులో పెట్టారు. ఒక చెక్కయితే పాత అడ్రసుకి వెళ్ళి తిరిగి కంపెనీకే పోయింది. కనీసం ఒక టాక్స్ సీజన్ గడిచేదాకా ఆ అకౌంట్ ఉంచుకోండి. మినిమం బాలెన్స్ అక్కర్లేని రకానికి మార్చుకుంటే నెలనెలా ఛార్జీ పడదు. అడ్రస్ మారినట్టు వాళ్ళకి చెప్పండి, డబ్ల్యూ-8బెన్ (అమెరికా టాక్స్ రెసిడెంట్ కాదని చెప్పే) ఫారం ఇమ్మంటారు. నాన్ రెసిడెంట్ అయ్యాక ఆ డిపాజిట్ వడ్డీ మీద అమెరికా టాక్స్ ఉండదు, కెనడాలో మాత్రం చూపించాలి.

ఇక్కడి బ్యాంకులో డాలర్ అకౌంట్ తెరిస్తే సరిపోతుందిగా అనుకుంటారు చాలామంది. పేరుకి యూఎస్ డాలర్ అకౌంటే గానీ అది కెనడా అకౌంటు. మామూలుగా ఏసీహెచ్ (అమెరికా బ్యాంకుల మధ్య జరిగే ట్రాన్స్‌ఫర్) పడదు, వైర్ చెయ్యాలి. జెల్ (అమెరికాలో ఫోన్‌తో డబ్బు పంపే పద్ధతి) అసలు పనిచెయ్యదు, ఇక్కడ దానికి వాడేది ఇంటరాక్.

కాకినాడ_టు_కాల్గరీ
ప్రసాద్ అన్న చెప్పింది నిజం. దానికన్నా ముందు ఫోన్ నంబరు సంగతి చూసుకోండి అక్కా. నేను రెండో వారంలోనే అమెరికా నంబరు ఆపేశాను, నెలకి 45 డాలర్లు దండగ అని. అక్కడి బ్యాంకుల ఓటీపీ ఆ నంబరుకే వెళ్తుంది. నంబరు మార్చుకుందామంటే దానికీ పాత నంబరుకే ఓటీపీ! బ్రోకరేజ్‌లోకి వెళ్ళలేక, పాస్‌పోర్ట్ కాపీ నోటరీ చేయించి పోస్టులో పంపాల్సి వచ్చింది. ఆరు వారాలు పట్టింది, ఆ ఆరు వారాలూ సరిగ్గా నిద్ర పట్టలేదు.

బయల్దేరే ముందే నంబరుని చవకైన ప్రీపెయిడ్‌కి పోర్ట్ చెయ్యండి. వైఫై కాలింగ్ ఉంటే కెనడాలో కూడా మెసేజ్‌లు వస్తాయి. గూగుల్ వాయిస్ కూడా చాలామంది వాడతారు. కానీ కొన్ని బ్యాంకులు అలాంటి నంబర్లకి ఓటీపీ పంపవు, అక్కడ ఉండగానే ఒక్కో అకౌంటు తెరిచి టెస్ట్ చేసుకోండి.

లత_బర్నబీ
నేను టాక్స్ ఫైలింగ్ ఆఫీసులో పనిచేస్తాను, ఇలాంటి కేసులు రోజూ చూస్తుంటాను.

401కె కదపకండి. 59½ ఏళ్ళ లోపు తీస్తే 10 శాతం పెనాల్టీ, దాని మీద టాక్సు. ఉన్నచోట ఉంచితే కెనడాలోనూ తీసినప్పుడే లెక్కలోకి వస్తుంది. రాత్ ఐఆర్‌ఏ విషయంలో ఎక్కువమంది పొరబడతారు. అమెరికా-కెనడా పన్ను ఒప్పందం ప్రకారం దాని పెరుగుదల మీద కెనడాలో టాక్స్ పడకుండా ఉండాలంటే సీఆర్ఏ (కెనడా పన్నుల శాఖ)కి ఒక లేఖ ఇవ్వాలి, మొదటి ఏడాది రిటర్న్ గడువులోపు. ఒక్కసారి ఇస్తే చాలు. కెనడా వచ్చాక మాత్రం అందులో ఒక్క డాలరు కూడా వెయ్యొద్దు. హెచ్‌ఎస్‌ఏకి కెనడాలో ఆ రక్షణ లేదు. పళ్ళ డాక్టరు, కళ్ళద్దాలు ఏమైనా పెండింగ్ ఉంటే అక్కడే ఆ డబ్బుతో చేయించుకోండి.

షేర్ల సంగతి. మీరు కెనడా రెసిడెంట్ అయిన రోజు మార్కెట్ ధరకే వాటిని కొన్నట్టు లెక్క. అంటే అంతకుముందు వచ్చిన లాభానికి కెనడా టాక్స్ లేదు. ఆ రోజు ప్రతి షేరు ధర, డాలరు రేటు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మూడేళ్ళ తర్వాత వచ్చి "అప్పుడెంత ఉందో గుర్తులేదండీ" అనేవాళ్ళని చూస్తే బాధేస్తుంది. మీ బ్రోకర్ కెనడా అడ్రసు ఒప్పుకుంటారో లేదో కూడా ముందే అడగండి, కొందరు ట్రేడింగ్ ఆపేస్తారు.

తొమ్మిదేళ్ళు అన్నారు కదా. అమెరికా సోషల్ సెక్యూరిటీ పెన్షన్‌కి 40 క్రెడిట్లు కావాలి, అంటే పదేళ్ళ ఉద్యోగం. ఇండియాకి వెళ్ళిపోయి ఉంటే రెండు దేశాల మధ్య ఒప్పందం లేదు కాబట్టి ఆ తొమ్మిదేళ్ళూ వృథా అయ్యేవి. కెనడాతో ఒప్పందం ఉంది. ఇక్కడి సర్వీసు కలిపి అర్హత లెక్కిస్తారు. ఆయన పాత డబ్ల్యూ-2లు (ఏటా కంపెనీ ఇచ్చే జీతం, టాక్స్ కాగితాలు) ఒక్కటీ పారెయ్యొద్దు.

నోవై_ఉష
లత గారూ, ఆ సోషల్ సెక్యూరిటీ మాట చదివి మా వారికి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత లేచి ఫైళ్ళు వెతకడం మొదలుపెట్టారు. చాలా థాంక్స్. హైదరాబాద్‌లో ఎన్ఆర్ఇ ఎఫ్‌డీలు ఉన్నాయి, వాటికేమైనా చెయ్యాలా? ఇంకోటి, నా నగలన్నీ ఇక్కడే ఉన్నాయి, బార్డర్‌లో ఏమంటారో?

ఓరుగల్లు_వాసి
ఎఫ్‌డీలు అట్లనే ఉంచుకోవచ్చు అక్కా, మీరింకా ఎన్ఆర్ఐలే కదా. అడ్రస్ మార్పించి, టాక్స్ రెసిడెన్సీ డిక్లరేషన్‌లో అమెరికా తీసేసి కెనడా అని, సిన్ (కెనడా సోషల్ ఇన్సూరెన్స్) నంబరు రాసి ఇయ్యాలె. ఆ వడ్డీకి ఇండియాలో టాక్స్ లేకపోయినా కెనడాలో ఉంటది, ఇది మస్తుమందికి తెల్వదు. ఇండియా షేర్లు, అద్దెకిచ్చిన ఫ్లాటు, ఎఫ్‌డీలు, అమెరికా షేర్లు కలిపి కొన్న విలువ (మీకైతే కెనడా రెసిడెంట్ అయిన రోజు విలువ) లక్ష కెనడా డాలర్లు దాటితే టి1135 (విదేశీ ఆస్తుల) ఫారం వెయ్యాలె. మొదటి ఏడాది అక్కర్లేదు, రెండో ఏడాది నుంచి మర్చిపోవద్దు. పెనాల్టీ గట్టిగ ఉంటది.

మిస్సిస్సాగా_ప్రసాద్
నగల గురించి: నిరుడు లాండింగ్‌లో "తర్వాత వచ్చే సామాను" లిస్టు ఇచ్చే ఉంటారు. నగలు అందులో ఉన్నాయా చూడండి. మా ఆవిడ మంచం మీద తెల్ల దుప్పటి పరిచి వడ్డాణం, కాసులపేరు, పిల్లల గాజులు విడివిడిగా పెట్టి ఫోటోలు తీసింది, పక్కన తూకం రాసిన చీటీతో. విండ్సర్ బార్డర్ దగ్గర ఆఫీసరు ఆ కాగితాలు చూసి అయిదు నిమిషాల్లో పంపేశాడు. చేతిలో నగదు 10,000 అమెరికా డాలర్లకి మించితే అమెరికా వైపు, 10,000 కెనడా డాలర్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే కెనడా వైపు చెప్పాలి. చెప్పడం వరకే, టాక్సేమీ ఉండదు.

డబ్బంతా ఒకేసారి బ్యాంకు రేటుకి మార్చొద్దు. 40,000 డాలర్ల మీద 2.5 శాతం తేడా అంటే 1,000 డాలర్లు, మీకు నెల సరుకులకి వస్తుంది. వైజ్ లాంటి డబ్బు పంపే సంస్థల రేటుతో పోల్చి చూడండి. మొదటి, చివరి నెల అద్దెకీ, రెండు నెలల ఖర్చుకీ సరిపడా ముందు పంపండి. అమెరికా క్రెడిట్ స్కోరు ఇక్కడ చాలామంది చూడరు. బ్యాంకుల న్యూకమర్ (కొత్తగా వచ్చినవాళ్ళ) ప్యాకేజీలో వచ్చే క్రెడిట్ కార్డు మొదటి వారంలోనే తీసుకోండి, అక్కడి పాత కార్డు ఒకటి ఉంచుకోండి.

నోవై_ఉష
అప్‌డేట్. శనివారం మిస్సిస్సాగా చేరాం. నంబరు ప్రీపెయిడ్‌కి మార్చాను. ఒక బ్యాంకు నుంచి మాత్రం మెసేజ్ రాలేదు, అప్పటికింకా మిషిగన్‌లోనే ఉన్నాం కాబట్టి బ్రాంచ్‌కి వెళ్ళి యాప్ ద్వారా అప్రూవ్ చేసేలా పెట్టించుకున్నాను. ఇక్కడికి చేరిన రోజుకి షేర్ల ధరలు ప్రింట్ తీసి రాత్ లేఖతో పాటు ఒకే ఫైల్లో పెట్టాను. నిన్న రాత్రి అపార్ట్‌మెంట్ డిపాజిట్ పాత అకౌంట్‌లో పడింది, ఓటీపీ ఇక్కడికే వచ్చింది. లత గారూ, మా వారు 2016 డబ్ల్యూ-2 ఒక్కటి దొరకలేదంటున్నారు. సోషల్ సెక్యూరిటీ వెబ్‌సైట్‌లో ఆ ఏడాది జీతం కనిపిస్తోంది, ఆ స్టేట్‌మెంట్ సరిపోతుందా?

లత_బర్నబీ
వాళ్ళ రికార్డులో ఆ ఏడాది సరిగ్గా పడి ఉంటే క్రెడిట్లు పోవు ఉషా. ఆ పేజీ ఈ రోజే పీడీఎఫ్‌గా దింపుకుని పెట్టుకోండి.