"సంగమమై మన స్వరంగా అవతరించె": ఈ వాక్యం అనువాదమేనా?

దేశం కలిసి ఉండాలంటూ అనేక భాషల్లో పాడిన 'మిలే సుర్ మేరా తుమ్హారా' పాటలోని తెలుగు వాక్యం మీద నెట్‌లో నడుస్తున్న చర్చ మొత్తం చదివాను. "అందులో చెప్పుకోవడానికి ఏముందండీ, హిందీ పల్లవికి మాటకు మాట అనువాదమే కదా" అని కొందరు తేల్చేశారు. నేను ఒప్పుకోను. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

హిందీ: మిలే సుర్ మేరా తుమ్హారా, తో సుర్ బనే హమారా.
తెలుగు: నా స్వరము నీ స్వరము సంగమమై మన స్వరంగా అవతరించె.

మొదట 'మన' సంగతి. హిందీ 'హమారా' అంటే 'మా' కావచ్చు, 'మన' కావచ్చు, సందర్భాన్ని బట్టి వినేవాళ్లే తెలుసుకోవాలి. తెలుగులో ఆ వెసులుబాటు లేదు. మా ఊరు అంటే నీది కాదు, మన ఊరు అంటే నీది కూడా, ఏదో ఒకటి ఎంచుకోకుండా నోరు తెరవలేం. నా, నీ రెండూ కలిస్తేనే మన. అంటే ఆ పాట మొత్తం చెప్పదలచుకున్న సంగతి 'మన' అనే సర్వనామంలో ముందే ఉంది! హిందీలో పూర్తి వాక్యం కట్టి చెప్పాల్సి వచ్చినదాన్ని తెలుగు రెండక్షరాల్లో పట్టుకుంది. తమిళంలోనూ నాంగళ్, నామ్ అని ఈ తేడా ఉంది కాబట్టి ఇదే పాటలోని తమిళ వాక్యంలో 'నమదాగుం' అన్నారు, అది మన 'మన'తో సమానం. కన్నడంలో మాత్రం ఇప్పుడు నమ్మ అనే మాటే రెండిటికీ సరిపోతుంది.

ఇది పెద్ద పెద్ద గాయకులు కలిసి పాడే పాటల్లో మరీ ముఖ్యమని నాకనిపిస్తుంది. మైకేల్ జాక్సన్, లయొనెల్ రిచీ రాసిన 'వుయ్ ఆర్ ది వరల్డ్' తీసుకోండి. ఆఫ్రికాలో కరువు బాధితుల కోసం 1985 జనవరి 28 రాత్రి స్టీవీ వండర్, రే చార్లెస్, బాబ్ డిలన్ లాంటి వాళ్లు 40 మందికి పైగా ఒకే స్టూడియోలో చేరి పాడారు. ఆ పేరును తెలుగులో చెప్పమంటే ఏం చేస్తారు? 'మేమే ప్రపంచం' అన్నామా, పేరున్న వాళ్లంతా ఒకచోట చేరి తమ గొప్ప తామే చెప్పుకున్నట్టు ఉంటుంది. 'మనమే ప్రపంచం' అంటే పాడేవాళ్లతో పాటు వినేవాళ్లూ, ఆకలితో ఉన్నవాళ్లూ అందులోకి వచ్చేస్తారు. ఇంగ్లీషు 'వుయ్'కి ఈ ఇబ్బంది లేదు, కానీ ఆ స్పష్టతా లేదు.

ఇక రెండో తేడా, చర్చలో ఎవరూ దీని జోలికి పోలేదు. హిందీలో షరతు ఉంది: కలిస్తే అవుతుంది. తమిళంలోనూ అంతే, 'ఇసైందాల్' అంటే కలిస్తే అని. తెలుగులో ఆ 'తే' లేదు. 'సంగమమై అవతరించె' అంటే కలవడం అయిపోయింది, మన స్వరం పుట్టేసింది. 1988 ఆగస్టు 15న దూరదర్శన్‌లో మొదటిసారి వచ్చిన పాట అది, దేశం కలిసి ఉండాలన్న కోరికతో చేసింది. అలాంటి చోట తెలుగు వాక్యం కోరికను కోరికగా వదిలేయకుండా జరిగిపోయినదిగా చెప్పింది. రాగంలో ఇమడటానికి అలా రాశారేమో అని ఒకరు అన్నారు. కావచ్చు, అయినా వచ్చిన అర్థం అర్థమే కదా.

'సంగమం' ఎందుకు, 'కలిసి' అంటే సరిపోదా అని అడిగినవారికి: అదే పాటలో తర్వాత స్వరాల నదులు అన్ని దిక్కుల నుంచి వచ్చి సముద్రంలో కలుస్తాయన్న చరణం ఉంది. సంగమం అనగానే మనకు గుర్తొచ్చేది నదులే కాబట్టి ఆ మాట ఇక్కడ ఊరికే పడలేదు. పైగా ఇది బృందగానం కాదు. బృందగానంలో ఎవరి గొంతు ఏదో తెలియకూడదు, తెలిస్తే అది లోపం. ఇక్కడ భీమ్‌సేన్ జోషి గొంతు భీమ్‌సేన్ జోషిదిగానే ఉండాలి, లతా మంగేష్కర్ గొంతు లతదిగానే ఉండాలి, కళ్లు మూసుకున్నా ఇట్టే పోల్చుకోగలగాలి. 'నా స్వరము, నీ స్వరము' అని విడివిడిగా చెప్పి తర్వాత 'మన' అనడం అందుకే నాకంత ఇష్టం. (మన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు అందులో పాడింది తమిళ వాక్యం. గోదావరి సీమలో పుట్టిన మనిషి గొంతులో తమిళం 'నమదాగుం' అంటుంటే, నాకైతే పాట మొత్తంలో అదే గొప్ప ఘట్టం.)

'తుమ్హారా'కి 'నీ' సరిపోదు, 'మీ' అనాలని ఒక వాదన వచ్చింది. నీ స్వరమే బాగుంది. అమ్మనీ దేవుణ్ణీ కూడా నువ్వు అనే పిలుచుకుంటాం, మీ అనగానే మధ్యలో ఒక అడుగు దూరం వచ్చేస్తుంది.

'అవతరించు' బరువైన మాటే, కాదనను. 'బనే'కి మామూలుగా అయితే 'అవుతుంది' చాలు. కానీ అవతరించడమంటే అంతకు ముందు కంటికి కనబడనిది రూపం కట్టుకుని రావడం. 1956 నవంబరు 1ని మనం ఆంధ్రప్రదేశ్ అవతరణ దినం అన్నది కూడా విడివిడిగా ఉన్న ప్రాంతాలు కలిసి ఒక రాష్ట్రంగా వచ్చినందుకే. కాబట్టి దేవుళ్లకే వాడాలన్న నియమం ఏమీ లేదు.

చివరగా వర్ణక్రమం. నెట్‌లో ఎక్కడ చూసినా 'అవతరించే' అని దీర్ఘంతో రాస్తున్నారు. అలా రాస్తే అది 'అవతరించే దేవుడు'లో లాగా విశేషణం అవుతుంది, తర్వాత ఒక నామవాచకం రావాలి, వాక్యం అక్కడే వేలాడుతూ ఉండిపోతుంది. అది 'అవతరించెను'. 'ను' పోయి 'అవతరించె' అయింది, పాత పద్యాల్లో, కీర్తనల్లో ఇలాంటివి కోకొల్లలు. పాడేటప్పుడు రాగం కోసం చివర సాగదీస్తారు, అది పాటకు సంబంధించిన దీర్ఘం, రాతలోకి తేనక్కర్లేదు. సాహిత్యం టైప్ చేసి పెట్టేవాళ్లు దయచేసి హ్రస్వంతోనే రాయండి.