బాపమ్మ పుస్తకాల అంచుల్లో దొరికిన రాతలు: ఆమె జీవితాన్ని ఎలా రాయాలి?

ప్రశ్న (హనుమకొండ నుంచి)

అందరికీ నమస్కారం. మా బాపమ్మ కిందటి నెల తొంభై రెండో ఏట కన్నుమూసింది. సంవత్సరీకం నాటికి ఆమె జీవితాన్ని చిన్న పుస్తకంగా అచ్చు వేయించాలని ఇంటివాళ్లం అనుకున్నాం, రాసే పని నాకు అప్పగించారు.

ఆమె బడి ముఖం చూడలేదు. నిజాం రాజ్యంలో బడి చదువు ఎక్కువగా ఉర్దూలో సాగేది, ఊళ్లలోని ఆడపిల్లల్లో చాలామందికి అదీ అందేది కాదు. అన్నకు ఇంట్లో తెలుగు చెబుతుంటే పక్కన కూర్చొని విని అక్షరాలు నేర్చుకున్నదట. పెళ్లయి హనుమకొండ వచ్చాక, 1904లో వెలసిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం నుంచి తాత పుస్తకాలు తెచ్చి ఇచ్చేవాడు. ఆయన పోయాక పెద్దనాయన సైకిలు మీద వెళ్లి మార్చుకొని వచ్చేవాడు. రాత్రి వంటింటి పని ముగిశాక దీపం దగ్గర కూర్చొనేది. ఆమె పోతన భాగవతంలో ప్రతి పుట కింది మూలన పసుపు అంటిన బొటనవేలి ముద్ర ఉంది, గజేంద్రమోక్షం దగ్గర అక్షరాలే కనిపించనంత గాఢంగా.

బీరువాలో మూడు వందల పైచిలుకు పుస్తకాలున్నాయి. వాటి అంచుల్లో, అట్టల లోపల పెన్సిలుతో ఇంటి లెక్కలు, పుట్టుకలు, పండుగలు రాసి పెట్టింది. ఆధార్ కార్డులో పుట్టిన సంవత్సరం 1938 అని ఉంది, కానీ తాను శ్రీముఖ సంవత్సరం బతుకమ్మ రోజుల్లో పుట్టానని ఆమె ఎప్పుడూ చెప్పేది. ఏది నమ్మాలి?

ఇంకొకటి, రాయడానికి చేయి ఆడనిది. భాగవతం అట్ట లోపల ఇలా ఉంది: "మన్మథ, కార్తీకం. ఆడపిల్ల. పదకొండు రోజులు." ఈ బిడ్డ సంగతి మాకెవరికీ తెలియదు. దీన్ని పుస్తకంలో పెట్టవచ్చా?

మొదటి జవాబు (జనగామ నుంచి, విశ్రాంత గ్రంథాలయ ఉద్యోగి)

మీ బాపమ్మ మాటే నమ్మండి. శ్రీముఖ 1933 ఉగాదితో మొదలైంది. ఎంగిలిపూల నుంచి సద్దుల బతుకమ్మ దాకా ఆ ఏడు సెప్టెంబరు ద్వితీయార్ధంలో పడుతుంది కాబట్టి, ఆమె అప్పుడే పుట్టి ఉంటుంది. అరవై ఏళ్లకు అదే పేరు తిరిగి వస్తుంది గనుక 1993లో షష్టిపూర్తి జరిగిందేమో ఇంట్లో అడగండి. కార్డుల్లో వయసు అంచనాగా పడటం ఆ తరంలో మామూలే. మన్మథ కార్తీకమంటే 1955 నవంబరు మధ్య నుంచి డిసెంబరు మధ్య దాకా.

తేదీ లేని లెక్కలను నాణేలు పట్టిస్తాయి. నిజాం నాణెమైన హాలీ రూపాయలని రాసి ఉంటే అది పాతకాలపు రాత. 1948 సెప్టెంబరు 17న హైదరాబాద్ సంస్థానం లొంగిపోయిన తర్వాత ఆ నాణెం క్రమంగా కనుమరుగై, 1959లో పూర్తిగా చెల్లకుండా పోయింది. నయా పైసలని ఉంటే 1957 ఏప్రిల్ 1 తర్వాతిది. సేరు, వీశె పోయి కిలోలు ఎక్కడ మొదలయ్యాయో కూడా చూడండి.

రెండో జవాబు (వరంగల్ నుంచి)

పుస్తకాల గురించి ఒక మనవి. చిరిగిన చోట సెల్లో టేపు వేయకండి, లామినేషన్ అసలే చేయించకండి. టేపు జిగురు కొన్నేళ్లకు పసుపు రంగుకు తిరిగి కాగితాన్ని పాడు చేస్తుంది. మా అమ్మమ్మ పుస్తకాలను ప్రేమతోనే పాడు చేసుకున్నాను, ఆ బాధ ఇంకా ఉంది. బైండింగు గంజికి వెండి రంగు పురుగు చేరుతుంది, గాలి ఆడే పొడి చోట పెట్టి అప్పుడప్పుడు దులపండి. ముందుగా ప్రతి అంచు రాతనూ కిటికీ వెలుగులో ఫోటో తీయండి. అచ్చు పుస్తకం మరోచోట దొరకవచ్చు, ఆమె పెన్సిలు రాత దొరకదు. గ్రంథాలయానికి ఇవ్వదలచినా, రాతలున్నవి మీ దగ్గరే ఉంచుకోండి.

మూడో జవాబు (కరీంనగర్ నుంచి)

ఆ బిడ్డ సంగతి గురించి. ఆమె దాచాలనుకుంటే రాసేదే కాదు, రోజూ చేతిలో పట్టుకునే పుస్తకంలో రాసిందంటే రోజూ చూసుకోవాలనే రాసింది. అయినా మీకు మీరే నిర్ణయించకండి. ఆమె పిల్లల్లో పెద్దవారు ఎవరున్నారో, ముందుగా వారిని ఒంటరిగా కూర్చోబెట్టుకొని అడగండి. అచ్చయిన పుస్తకంలో తొలిసారి చదవడం వారికి చాలా కష్టంగా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారి జవాబు

అందరికీ కృతజ్ఞతలు. షష్టిపూర్తి 1993లోనే జరిగిందని చిన్నాయన చెప్పాడు, కాబట్టి 1933 అనే రాస్తున్నాను.

నిన్న మేనత్తకు ఆ అట్ట చూపించాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. అప్పుడు తనకు నాలుగేళ్లట. కార్తీక దీపాలు పెట్టే రోజుల్లో అమ్మ గదిలోంచి బయటికి రాలేదని, తనను పక్కింటివాళ్లు తీసుకెళ్లారని మాత్రం గుర్తుందట. ఆ తర్వాత ప్రతి కార్తీకంలోనూ తులసి కోట దగ్గర బాపమ్మ ఒక దీపం ఎక్కువ పెట్టేది. ఎందుకని మేము ఏనాడూ అడగలేదు. "రాయి బిడ్డా, పేరు లేదు కానీ మా చెల్లె అని రాయి" అని అత్త అన్నది. ఆ పుటనే మొదట రాస్తున్నాను.