మల్లీశ్వరి గారి ఒలింపిక్ దృశ్యాన్ని విద్యార్థి డాక్యుమెంటరీలో వాడుకోవచ్చా?

ప్రశ్న – జర్నలిజం విద్యార్థిని

అందరికీ నమస్కారం. మా పీజీ ప్రాజెక్టు కోసం వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి గారిపై 18 నిమిషాల డాక్యుమెంటరీ తీస్తున్నాను. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో ఆమె స్నాచ్‌లో (బరువును ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి ఎత్తడం) 130 కిలోలు ఎత్తారు. ఆఖరి ప్రయత్నంలో 137.5 కిలోలకు వెళ్లి విఫలమై కాంస్యంతో సరిపెట్టుకున్నారు. ఆ బరువు లేచి ఉంటే స్వర్ణమే దక్కేది. నా చిత్రమంతా ఆ ఒక్క ప్రయత్నం చుట్టూనే తిరుగుతుంది. ఆ 20 సెకన్ల దృశ్యాన్ని వాడుకోవచ్చా? 10 సెకన్లలోపు అయితే ఇబ్బంది లేదని, ప్రసార హక్కులు 25 ఏళ్లకే ముగుస్తాయని మిత్రులు అంటున్నారు. తర్వాత దీన్ని యూట్యూబ్‌లో పెట్టాలని ఉంది.

సమాధానం – న్యాయవాది

అమ్మా, 10 సెకన్ల నియమం మన చట్టంలో ఎక్కడా లేదు. 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ బోధనలో భాగంగా ఉపాధ్యాయులు, విద్యార్థులు చేసే వినియోగానికి మినహాయింపు ఇస్తుంది కాబట్టి, ప్రాజెక్టును తరగతిలో చూపించేంత వరకు మీకు గట్టి ఆధారమే ఉంది. యూట్యూబ్‌లో పెట్టిన క్షణం నుంచి మాత్రం అది బోధన అనిపించుకోదు. అప్పుడు విమర్శ, సమీక్షల కోసం చేసే న్యాయమైన వినియోగం అనే మినహాయింపుపైనే ఆధారపడాలి.

ఇక 25 ఏళ్ల మాట సగమే నిజం. ప్రసార సంస్థకు ఉండే ప్రత్యేక హక్కును ప్రసారం జరిగిన మరుసటి ఏడాది మొదటి నుంచి లెక్కిస్తారు కనుక, 2000 నాటి ప్రసారానికి దాని గడువు 2025 చివరి వరకే. అయితే రికార్డయిన దృశ్యాన్ని సినిమాటోగ్రాఫ్ చిత్రంగా పరిగణిస్తే దాని కాపీరైట్ 60 ఏళ్లు. ఈ తేడా తెలియక చాలామంది పొరపాటు పడుతున్నారు.

సమాధానం – వీడియో ఎడిటర్

నేను ఎడిటింగ్ టేబుల్ దగ్గర మొదట చూసేది ఒక్కటే: క్లిప్ తీసేస్తే మీ వాదన కూలిపోతుందా, లేక అందం మాత్రమే తగ్గుతుందా? ఆమె బార్‌ను పట్టుకున్న చోట ఫ్రేమును ఆపి, అసలు కామెంటరీని పూర్తిగా తీసేసి, ఎక్కడ పట్టు తప్పిందో ఒక కోచ్ చేత చెప్పించండి. అప్పుడది విశ్లేషణ అవుతుంది. అదే క్లిప్‌ను నేపథ్య సంగీతంతో టైటిల్స్ కింద నడిపిస్తే అలంకారమే. ఒకసారి నా చేతిలోని విద్యార్థి చిత్రానికి ఇలాంటి టైటిల్స్ వల్లే యూట్యూబ్‌లో హక్కుదారుల క్లెయిమ్ వచ్చింది. ఆ కుర్రవాడు రెండు రాత్రులు నిద్ర లేకుండా మళ్లీ కట్ చేయవలసి వచ్చింది.

సమాధానం – సినిమా అధ్యాపకుడు

1996లో మహమ్మద్ అలీపై తీసిన ఒక టీవీ డాక్యుమెంటరీలో ఇతరుల ఫుటేజీ వాడినప్పుడు, అది ఫెయిర్ యూజ్ (అనుమతి లేకుండానే చేయదగిన న్యాయమైన వినియోగం) కిందికి వచ్చే అవకాశం ఉందని భావించి న్యూయార్క్ ఫెడరల్ కోర్టు ప్రసారాన్ని ఆపడానికి నిరాకరించింది. అయితే అది అమెరికా చట్టం. మన కోర్టులు దాన్ని యథాతథంగా పాటించవలసిన అవసరం లేదు. ఒలింపిక్ దృశ్యాలపై హక్కులు అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీవే కాబట్టి, విద్యార్థి ప్రాజెక్టు అని స్పష్టంగా రాసి ఇప్పుడే అనుమతి అడగండి. జవాబు రావడానికి సమయం పట్టవచ్చు.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

అందరికీ కృతజ్ఞతలు. కాలేజీ ప్రతిలో 20 సెకన్లూ ఉంచుతాను. యూట్యూబ్ ప్రతిలో కోచ్ విశ్లేషణకు అవసరమైన 8 సెకన్లే ఉంచి, మిగతా చోట ఆముదాలవలసలో మేమే చిత్రీకరించిన సాధన దృశ్యాలు వేస్తాను. అనుమతి కోరుతూ లేఖ ఈ రాత్రే రాస్తున్నాను.