వేడి ఇంజిన్ స్టార్ట్ కావట్లేదు: బటన్ పెట్టించాలా, ప్రెషర్ కొలవాలా?

పాతబండి (జర్మనీ):
బండి మెర్సిడెస్ డబ్ల్యూ123, 280ఈ. బాష్ కె-జెట్రానిక్ ఇంజెక్షన్, అంటే పెట్రోల్ ప్రెషర్‌తో నడిచే పాత మెకానికల్ పద్ధతి. పొద్దున చలిలో సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది. హైవే మీద నడిపి బంకులో పెట్రోల్ పోయించుకుని వెంటనే తీస్తే అప్పుడూ ఇబ్బంది లేదు. అదే ఓ అరగంట కాఫీకి ఆగామా, సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, ఇంజిన్ పలకదు. చాలాసేపటికి రెండు మూడు సిలిండర్ల మీద దడదడలాడి మెల్లగా సర్దుకుంటుంది. రాత్రికి చల్లారాక ఏమీ ఎరగనట్టే ఉంటుంది. ఇక్కడి మెకానిక్ ఒకాయన, డ్యాష్ కింద బటన్ పెట్టి కోల్డ్ స్టార్ట్ వాల్వ్‌కి (చలిలో స్టార్ట్ చేసేటప్పుడు అదనంగా పెట్రోల్ చిమ్మేది) కలిపేస్తా, నొక్కి సెల్ఫ్ కొడితే చాలు అంటున్నాడు. పెట్టించుకోవచ్చా?

హ్యూస్టన్ శీను:
పెట్టించుకోండి. చవక, పని చేస్తుంది. నా పాత పోర్షె 911కి ఉంది, ఇప్పటిదాకా రోడ్డు మీద నిలబెట్టలేదు.

కొలిస్తేనే:
వద్దు. కనీసం ఇప్పుడే వద్దు.

మీరు చెప్పిన లక్షణాల్లోనే సగం జవాబు ఉంది. ఇంజిన్ ఆపగానే నీళ్ళు తిరగడం ఆగుతుంది, గాలి ఆగుతుంది, బానెట్ కింద వేడి పెరుగుతుంది. పెట్రోల్‌లో తేలిక భాగాలు మామూలు ఒత్తిడిలో 40 డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మొదలెడతాయి. అందుకే బాష్ వాళ్ళు ఇంజిన్ ఆపాక కూడా లైన్లలో రెండు మూడు బార్ల ప్రెషర్ మిగిలేలా చేశారు. ఒత్తిడి ఉంటే పెట్రోల్ మరగదు. ఆ ప్రెషర్‌ని పట్టి ఉంచేవి ముఖ్యంగా పంపు మూతి దగ్గర ఉన్న చెక్ వాల్వ్ (పెట్రోల్‌ని వెనక్కి పోనివ్వనిది), దాని పక్కన ఉండే అక్యుములేటర్ (ప్రెషర్‌ని దాచి ఉంచే డబ్బా). ఏదో ఒకటి వదిలేస్తే లైన్లన్నీ ఆవిరే. మీరు సెల్ఫ్ కొడుతున్నంతసేపూ పంపు ఆ ఆవిరిని తోస్తోంది, అంతే.

బటన్ దీన్ని బాగు చెయ్యదు. మామూలుగా ఇంజిన్ వేడిగా ఉంటే థర్మో-టైమ్ స్విచ్ కోల్డ్ స్టార్ట్ వాల్వ్‌ని తెరవనివ్వదు. మీ మెకానిక్ ఆ స్విచ్‌ని దాటేసి మానిఫోల్డ్‌లోకి (ఇంజిన్‌కి గాలి పోయే గొట్టం) పెట్రోల్ చిమ్మిస్తానంటున్నాడు. లీకు ఎక్కడుందో అక్కడే ఉంటుంది.

రాజంపేట గ్యారేజీ (కువైట్):
అన్నా, నువ్వు చెప్పింది బుక్కులో మాట. కాదనను. ఈడ వేసవిలో యాభై డిగ్రీల ఎండ. మా గ్యారేజీకి వచ్చే పాత బెంజులకి బటన్లు నా చేత్తోనే పెట్టినా. కస్టమర్‌కి సాయంత్రానికి బండి కావల్ల, పార్టు వచ్చేదాకా ఆగడు. అయినా బటన్ అంటే అంత చిన్నచూపు ఎందుకప్పా? కంపెనీ వాళ్ళే కొన్ని వోల్వోలకి, ఆడీలకి హాట్ స్టార్ట్ రిలే పెట్టినారు గదా. వేడి మీద సెల్ఫ్ కొట్టేటప్పుడు అదే వాల్వ్‌ని పల్స్ పల్స్‌గా తెరిచేది. కంపెనీ పెడితే ఇంజనీరింగ్, మేము పెడితే జుగాడా?

ఒక్కటి మాత్రం చెప్తా. బటన్ పెట్టేముందు పెట్రోల్ తక్కువై స్టార్ట్ కావట్లేదా, ఎక్కువై కావట్లేదా తెలుసుకోవల్ల. ఇంజెక్టర్లు కారుతుంటే ఇంజిన్ అప్పటికే తడిసిపోయుంటుంది. దాంట్లోకి ఇంకా చిమ్మితే ప్లగ్గులు నానిపోతాయి. పాతబండి తమ్ముడూ, స్టార్ట్ అయినప్పుడు వెనక నల్ల పొగ, పెట్రోల్ వాసన వస్తాందా?

పాతబండి:
లేదన్నా. పొగ లేదు, వాసనా లేదు.

కొలిస్తేనే:
రిలే మాట నిజమే. కానీ ఆ రిలే ప్రెషర్ సరిగ్గా నిలిచే బండికి అదనపు సాయం, అదీ చిన్న చిన్న పల్స్‌లు. మనిషి వేలికి ఆ లెక్క ఉండదు. విసుగొచ్చి నొక్కిపట్టేస్తాడు. సిలిండర్ గోడల మీది ఆయిల్ కడుక్కుపోతుంది.

హ్యూస్టన్ శీను:
ఇన్ని తిప్పలెందుకు, అదంతా పీకేసి మెగాస్క్వర్ట్, అదే కంప్యూటర్‌తో నడిచే ఇంజెక్షన్ కిట్, పెట్టేయండి. ఒక్కసారి ట్యూన్ చేస్తే జీవితాంతం గొడవ ఉండదు.

పాతబండి:
శీను గారూ, బండికి హెచ్ నంబర్ ప్లేటు ఉంది. ముప్ఫై ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బండ్లకే ఇస్తారు. ఇంజెక్షనే మార్చేస్తే తనిఖీలో ఎవరికి సర్ది చెప్పుకోను?

నిజాంపేట్ వాసి:
పెట్రోల్ మారిందని ఎవరూ అనరేం? ఇక్కడ ఇండియాలో ఇప్పుడు ఇ20, అంటే ఇరవై శాతం దాకా ఇథనాల్. మీ దగ్గర ఇ10. ఇథనాల్ కలిపితే ఆవిరి తొందరగా లేస్తుంది.

కొలిస్తేనే:
పది శాతం కలిపితే ఆవిరి పీడనం పెరుగుతుంది, నిజం. చలికాలపు పెట్రోల్ ఇంకా తొందరగా ఆవిరవుతుంది. అందుకే మార్చిలో ఒక ఎండ రోజు వస్తే ఈ ఫిర్యాదులన్నీ ఒకేసారి మొదలవుతాయి. జర్మనీలో ఇ5 ఇంకా దొరుకుతుంది, అది పోయించండి, మంచిదే. కానీ ప్రెషర్ నిలిచే బండి ఇ10 మీదా లేస్తుంది.

పాతబండి గారూ, పది బార్ల గేజ్, మధ్యలో వాల్వ్ ఉన్న కిట్ తెచ్చుకోండి. ఫ్యూయెల్ డిస్ట్రిబ్యూటర్‌కీ (ఇంజెక్టర్లకి పెట్రోల్ పంచేది) వార్మ్-అప్ రెగ్యులేటర్‌కీ (ఇంజిన్ వేడిని బట్టి కంట్రోల్ ప్రెషర్‌ని సర్దేది) మధ్య పెట్టండి, గేజ్ డిస్ట్రిబ్యూటర్ వైపు ఉండాలి. వేడిగా నడుస్తున్నప్పుడు కంట్రోల్ ప్రెషర్ మూడున్నర బార్ల చుట్టుపక్కల ఉండాలి. ఆపాక కాస్త పడి అక్కడే నిలవాలి. కచ్చితమైన అంకె మాన్యువల్‌లో చూడండి. పడిపోతే, గేజ్ వాల్వ్ మూసి మళ్ళీ చూడండి. అప్పుడు నిలిస్తే తప్పు వార్మ్-అప్ రెగ్యులేటర్ వైపు.

పాతబండి:
కిట్ దొరికింది, పెట్టాను. నడుస్తుంటే 3.6. ఆపగానే ముల్లు ఆగకుండా కిందికి జారింది, చూస్తుండగానే సున్నా. గేజ్ వాల్వ్ మూసినా అంతే. వెనక యాక్సిల్ దగ్గర కవర్ విప్పి, అక్యుములేటర్ వెనకవైపు సన్నగొట్టం పీకి చూశాను, పొడిగా ఉంది.

రాజంపేట గ్యారేజీ (కువైట్):
పొడిగా ఉందంటే అక్యుములేటర్ లోపల డయాఫ్రమ్ (పల్చటి పొర) చిరగలేదు. చిరిగుంటే ఆడ పెట్రోల్ కారేది. ఇప్పుడు ట్యాంకు నుంచి పంపుకి వచ్చే రబ్బరు గొట్టాన్ని, ఇంజిన్ ఆపిన వెంటనే క్లాంపుతో బిగించు. రబ్బరు పాతదైతే పగులుద్ది, మెల్లగా. అప్పుడు ప్రెషర్ నిలిస్తే, పంపు చెక్ వాల్వ్‌లోంచి వెనక్కి పోతాందని అర్థం.

పాతబండి:
నిలిచిందన్నా! రెండు బార్ల పైనే ఆగింది.

హ్యూస్టన్ శీను:
అయితే పంపు మొత్తం మార్చాలి. అంతకంటే బటనే చవక.

రాజంపేట గ్యారేజీ (కువైట్):
ఎందుకు మార్చల్ల? చెక్ వాల్వ్ విడిగా దొరుకుతాది, పంపు మూతికి బిగించే నట్టు మాదిరి. బ్యాటరీ తీసేసి, బండి చల్లారినాక విప్పు. కాపర్ వాషర్లు రెండు పక్కలా కొత్తవి వెయ్యి, పాతవి తిప్పి వేసినావంటే ఆడ్నే కారుతుంది. కొత్త వాల్వ్‌తో అరగంట నిలబెట్టి మళ్ళా గేజ్ చూడు. నిలిస్తే బటన్ మాటెత్తొద్దని మీ మెకానిక్‌కి చెప్పు. నిలవకుంటే ఇంజెక్టర్లు పీకి, కారుతాండాయేమో సీసాల్లో పెట్టి చూస్తాం, ఫోటోలు ఈడే పెట్టు.