రన్నింగ్ షూలో ఆ చివరి బెజ్జం వాడాలా, వదిలేయాలా?

నెక్లెస్‌రోడ్_ఉదయం:
మూడేళ్ల నుంచి పరిగెడుతున్నాను. మొన్న ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ పూర్తి చేశాను. ఫ్లైఓవర్లు ఎక్కడమే కష్టం అనుకున్నాను గానీ నన్ను దెబ్బతీసింది దిగడమే. దిగిన ప్రతిసారీ పాదం ముందుకు జారి వేళ్లు షూ ముక్కుకు గుద్దుకున్నాయి. ఇంటికొచ్చి సాక్సు తీస్తే ఎడమ బొటనవేలి గోరు నల్లగా కమిలిపోయి ఉంది. అదే కాలికి మడమ వెనక రూపాయి బిళ్లంత బొబ్బ.

తర్వాతి వారం మా గ్రూపులో ఒకాయన నా షూ చూసి, "పై బెజ్జం ఖాళీగా వదిలేశావేంటి?" అని అడిగారు. చాలా రన్నింగ్ షూలకు అన్నిటికన్నా పైన, కొంచెం వెనక్కి జరిగి ఒక బెజ్జం ఉంటుంది కదా, అది. అది దేనికో నాకు మూడేళ్లుగా తెలియదు. ఆయనే కూర్చుని చూపించారు. లేసును దాని కింది బెజ్జంలోంచి బయటికి తెచ్చాక, రెండోవైపుకు దాటించకుండా అదే వైపు పై బెజ్జంలోకి బయటినుంచి లోపలికి దూర్చాలి. పూర్తిగా లాగెయ్యకుండా, వేలు పట్టేంత లూప్ వదలాలి. రెండోవైపు కూడా అంతే. ఇప్పుడు కుడి కొసను ఎడమ లూప్‌లోంచి, ఎడమ కొసను కుడి లూప్‌లోంచి తీసి, మడమను షూ వెనక్కి ఆనించి, కొసలను పక్కలకు, కొంచెం కిందికి లాగాలి. చీలమండ చుట్టూ షూ దగ్గరికి వచ్చేస్తుంది. ఆపైన మామూలు ముడి.

అప్పటినుంచి మడమ జారలేదు. కానీ మా గ్రూపులోనే ఇంకో పెద్దాయన, "ఇదంతా అనవసరం, నువ్వు కొన్నదే తప్పు సైజు" అంటున్నారు. నా వాదన ఒకటే: ఆ బెజ్జం పెట్టిందే వాడటానికి. పరిగెత్తేవాళ్లందరూ వాడాలి. మీరేమంటారు?

సైజు_ముందు:
మీ గ్రూపు పెద్దాయన మాటే నిజం. నేను పదకొండేళ్లుగా విజయవాడలో పరిగెడుతున్నాను. మడమ జారుతోందంటే షూ పొడవైనా ఎక్కువ ఉండాలి, లేదా వెనక కప్పు మీ మడమకు వెడల్పైనా అయి ఉండాలి. లేసు బిగిస్తే ఆ తప్పు కనబడకుండా పోతుంది, అంతే. తప్పు అలాగే ఉంటుంది.

ఈ లూప్ నేనూ కట్టాను. మొదటి వారం బాగానే అనిపించింది. రెండో వారం చీలమండ ముందు, సరిగ్గా లేసు మడతపడే చోట నొప్పి మొదలైంది. పాదం పైకి లేపితే కలుక్కుమనేది. మూడు వారాలు పరుగు ఆపేశాను. ఆ నొప్పి పడ్డాక ఎవరైనా "అందరూ వాడాలి" అంటే నాకు భయమేస్తుంది.

షూ సాయంత్రం పూట కొనండి. పొద్దంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది, మన ఎండల్లో ఇంకా ఎక్కువ. పరుగుకు వేసుకునే సాక్సులతోనే వేసి చూడండి. నిలబడినప్పుడు పొడవాటి వేలి ముందు బొటనవేలి వెడల్పంత జాగా ఉండాలి. ఈ మూడూ చూసుకుంటే ఆ బెజ్జంతో పని పడదు.

ఫిజియో_గుంటూరు:
ఇద్దరూ ఒకే పాదం గురించి మాట్లాడుతున్నట్టు వాదిస్తున్నారు. నా దగ్గరికి వచ్చే రన్నర్లలో నాకు కనిపించేది ఇది: చాలామంది లేసును కింద నుంచి పైదాకా ఒకే బిగుతుతో లాగేస్తారు. పాదానికి అది సరిపడదు. వేళ్ల దగ్గర వదులుగా ఉండాలి, నేల తాకినప్పుడు వేళ్లు పరుచుకోవాలి కాబట్టి. మధ్యలో పట్టీ పట్టుకున్నట్టు ఉండాలి. చీలమండ దగ్గర జారకుండా ఉంటే చాలు, అంతకుమించి బిగించకూడదు.

సైజు_ముందు గారు చెప్పిన నొప్పి నాకు బాగా తెలుసు. వేళ్లను పైకి లేపే టెండన్లు అక్కడ చర్మం కిందే ఉంటాయి, పైన కండ రక్షణ ఏమీ లేదు. పక్కనే ఒక నరం వెళ్తుంది. అది నలిగితే బొటనవేలికీ పక్కవేలికీ మధ్య తిమ్మిరి వస్తుంది. అలా వస్తే ఆ రోజే వదులు చెయ్యండి, "అలవాటవుతుందిలే" అనుకోవద్దు. అయితే నొప్పి తెచ్చింది లూప్ కాదు, దాన్ని లాగిన బలం. లూప్ ఘర్షణతో పట్టుకుంటుంది కాబట్టి గట్టిగా లాగాల్సిన అవసరమే లేదు. వాడినవాళ్లు అది తెలియక మామూలు ముడికి లాగినంత బలంగా లాగుతారు.

పై బెజ్జానికి శాస్త్రం కూడా కొంత మద్దతిస్తుంది. 2009లో జర్మనీ పరిశోధకులు హేగన్, హెన్నిగ్ ఇరవై మంది రన్నర్లను రకరకాల లేసు పద్ధతులతో పరిగెత్తించి కొలిచారు. ఏడు బెజ్జాలూ వాడినప్పుడు మడమ కింద, పాదం మధ్యలో బయటి అంచు కింద ఒత్తిడి అన్నిటికన్నా తక్కువగా వచ్చింది. బిగువుగా, పైదాకా కట్టినప్పుడు పాదం లోపలికి ఒరిగే వేగం కూడా తగ్గింది. కానీ వాళ్లు కొలిచింది ఒత్తిళ్లను, వేగాలను. ఎంతమందికి గాయాలు తగ్గాయన్నది కాదు. కాబట్టి దీన్ని పట్టుకుని "అందరూ" అనలేను.

కైలాసగిరి_దిగువ:
"అందరూ" అన్న మాట దగ్గరే నాకూ అభ్యంతరం. నాది మీగాలు ఎత్తు. లేసులు X ఆకారంలో దాటే మామూలు కట్టులో సరిగ్గా ఆ ఎత్తు మీదే లేసులు రెండూ ఒకదానిమీద ఒకటి పడతాయి. ఆర్కే బీచ్ నుంచి రుషికొండ వైపు పది కిలోమీటర్లు వెళ్లొచ్చేసరికి అక్కడ ఎర్రటి గాటు పడేది. కొన్నాళ్లు ఎముకేదో పెరిగిందేమోనని టెన్షన్ పడ్డాను.

దానికి మందు చాలా చిన్నది. నొప్పి ఉన్న చోట లేసును దాటించకండి. ఒకవైపు బెజ్జంలోంచి వచ్చిన లేసును అదే వైపు నిలువుగా పైబెజ్జంలోకి తీసుకెళ్లి, అక్కడినుంచి మళ్లీ అడ్డంగా దాటించండి. మీగాలి మీద చిన్న కిటికీలా ఖాళీ ఏర్పడుతుంది. నేను కట్టిన మొదటిరోజే గాటు పడలేదు.

ఇక సైజు సంగతి. సైజు_ముందు గారూ, మీరు చెప్పినంత సులభం కాదండీ. నాలాంటి ఆడవాళ్లకు ముందుభాగం వెడల్పు, మడమ సన్నం. ముందుకు సరిపడే షూ కొంటే వెనక వదులు, వెనకకు సరిపడేది కొంటే చిటికెన వేలు నలుగుతుంది. నా సైజులో లేడీస్ షూ దొరక్క మగవాళ్ల షూ కొన్న రోజులూ ఉన్నాయి. కొట్టులో ఉన్న అచ్చుకు నా పాదం పుట్టలేదు. అందుకే నా షూలో మధ్యలో కిటికీ, పైన లూప్ రెండూ ఉంటాయి. ఇది తప్పు కప్పిపెట్టడమంటే ఒప్పుకోను.

గ్రౌండ్_మాస్టారు:
నేను కానిస్టేబుల్ ఉద్యోగాలకు వెళ్లే పిల్లలను గ్రౌండ్‌లో పరిగెత్తిస్తాను, వరంగల్ దగ్గర. వాళ్ల షూ ఏడెనిమిది వందలవి. వాటిలో చాలావాటికి మీరు చెప్పే ఆ పై బెజ్జమే ఉండదు. మా దగ్గర అసలు సమస్య ముడి ఊడిపోవడం. 1600 మీటర్ల పరుగులో మూడో రౌండ్‌లో లేసు ఊడి, కట్టుకోవడానికి వంగిన పిల్లవాణ్ని నా కళ్లతో చూశాను. నెలల తరబడి తెల్లవారుజామున నాలుగింటికి లేచిన కష్టం అక్కడ పోయింది.

అందుకని ముందు ముడి చూడండి. కట్టాక పువ్వు చెవులు రెండూ షూకు అడ్డంగా, కుడికీ ఎడమకీ పడుకోవాలి. అవి మెలితిరిగి ఒకటి వేళ్లవైపు, ఒకటి చీలమండవైపు నిలువుగా నిలబడుతుంటే మీ ముడి తప్పు, అది ఊడుతుంది. సవరించడం తేలిక. మొదటి సగం ముడి వేసేటప్పుడు ఇన్నాళ్లూ ఏ కొసను పైన వేశారో, ఈసారి దాన్ని కింద వెయ్యండి. మిగతాదంతా చెయ్యి అలవాటు ప్రకారమే. నాలుగు రోజులు ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత మామూలైపోతుంది.

2017లో అమెరికాలో బర్కిలీ ఇంజనీర్లు దీన్ని హైస్పీడ్ కెమెరాతో తీసి చూశారు. కాలు నేలను తాకినప్పుడు గురుత్వాకర్షణకు ఏడురెట్ల దెబ్బ ముడికి తగులుతుంది, ముడి వదులవుతుంది. కాలు ఊగినప్పుడు వేలాడే కొసలు దాన్ని బయటికి లాగుతాయి. ఈ రెండూ కలిశాక కొన్ని సెకన్లలోనే ఊడిపోతుంది. అందుకే నేను కొసలను పొడుగ్గా వేలాడనివ్వను, మధ్య లేసుల కింద దూర్చమంటాను.

సైజు_ముందు:
మాస్టారూ, ముడి గురించి మీరు చెప్పింది ఇప్పుడే చూసుకున్నాను. నా ముడి నిలువుగానే ఉంది. పదకొండేళ్లుగా డబుల్ నాట్ వేసి నెట్టుకొచ్చాను. మార్చుకుంటాను.

కానీ లేసుకు మరీ అంత విలువిస్తున్నారు. 2008 బీజింగ్ ఒలింపిక్స్ 100 మీటర్ల ఫైనల్లో ఉసేన్ బోల్ట్ ఎడమ షూ లేసు ఊడి ఉంది. 9.69 సెకన్లలో ప్రపంచ రికార్డు పెట్టాడు. షూ పాదానికి అతుక్కున్నట్టు సరిపోతే లేసు లేకున్నా పనవుతుంది.

గ్రౌండ్_మాస్టారు:
సార్, అది నలభై చిల్లర అంగల పరుగు. హాఫ్ మారథాన్‌లో దాదాపు ఇరవై వేల అడుగులు పడతాయి. నలభై అడుగులకు ఆగినది ఇరవై వేలకు ఆగదు.

మెల్‌బోర్న్_నుంచి:
చిన్న మాట. ఇక్కడి మోనాష్ యూనివర్సిటీ గణితవేత్త బర్కార్డ్ పోల్‌స్టర్ 2002లో నేచర్ పత్రికలో లేసులు కట్టే పద్ధతుల లెక్క తేల్చారు. బిగువుగా పట్టుకోవడంలో X ఆకారపు మామూలు కట్టు, అడ్డంగా నేరుగా కట్టేది, ఈ రెండే ముందున్నాయి. మన పెద్దవాళ్లు ఏ లెక్కా వెయ్యకుండా కట్టింది అదే. కాబట్టి నొప్పి లేనివాళ్లు కట్టు మార్చాల్సిన పనిలేదు.

ఫిజియో_గుంటూరు:
నెక్లెస్‌రోడ్ గారూ, మీకు ఒక పరీక్ష చెప్తాను. ఒక ఆదివారం కుడికాలికి మాత్రమే లూప్ కట్టండి, తర్వాతి ఆదివారం ఎడమకాలికి మాత్రమే. దారి, సాక్సులు మార్చవద్దు. ఇంకోటి, షూలోంచి ఇన్‌సోల్, అంటే పాదం కింది మెత్త, తీసి నేలమీద పెట్టి దానిమీద నిలబడండి. వేళ్ల ముందు, మడమ వెనక ఎంత మిగిలిందో రెండు కాళ్లకూ విడివిడిగా చూడండి. మీ గోరు, బొబ్బ రెండూ ఎడమకే వచ్చాయని మీరే రాశారు, అది నాకు అనుమానంగా ఉంది.

నెక్లెస్‌రోడ్_ఉదయం:
రెండు ఆదివారాలు అయ్యాయి, అందుకే ఇంత ఆలస్యం. రెండుసార్లూ పీపుల్స్ ప్లాజా నుంచి పన్నెండు కిలోమీటర్లు, అదే దారి.

మొదటివారం కుడికి లూప్, ఎడమకు మామూలు. ఎడమ మడమ మూడో కిలోమీటరు నుంచే లేస్తూ పడుతూ ఉంది. కుడికి ఏ తేడా తెలియలేదు. పైగా ఇంటికొచ్చాక కుడి చీలమండ ముందు లేసు అచ్చు అరగంట సేపు పోలేదు. రెండోవారం ఎడమకు లూప్, అదీ ఫిజియో గారు చెప్పినట్టు మెత్తగా లాగి. కుడికి మామూలు కట్టు. రెండు కాళ్లూ బాగున్నాయి.

ఇన్‌సోల్ మీద నిలబడి చూస్తే అసలు సంగతి బయటపడింది. కుడికాలికి ముందు బొటనవేలి వెడల్పంత జాగా ఉంది, సైజు_ముందు గారు చెప్పినంతే. ఎడమకాలికి దానికి దాదాపు ఒకటిన్నర రెట్లు. నా ఎడమ పాదం కుడిదానికన్నా పొట్టిది. నలభై రెండేళ్లొచ్చాయి, ఈ సంగతి నాకు తెలియదు.

సైజు_ముందు గారూ, నా ఎడమ షూ పెద్దదే, ఒప్పుకుంటున్నాను. కానీ రెండు కాళ్లకూ వేరువేరు సైజులు ఏ కొట్టువాడూ ఇవ్వడు, చిన్నసైజు కొంటే కుడివేళ్లు నలుగుతాయి. అందరూ వాడాలి అన్న మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను.

సైజు_ముందు:
ఇది నాకూ తట్టలేదు. కొట్టులో నేనెప్పుడూ కుడికాలి షూ ఒక్కటే వేసి చూసేవాణ్ని. ఈ సాయంత్రం నా ఇన్‌సోళ్లు రెండూ తీసి చూస్తాను. మీ ఎడమకు లూప్ ఉంచెయ్యండి.

నెక్లెస్‌రోడ్_ఉదయం:
ఉంచేశాను. కుడి పైబెజ్జం మళ్లీ ఖాళీ. మాస్టారి ముడి రెండు వారాలూ ఊడలేదు.